ఆది ఇచ్చిన పాపానికి

ఈమధ్య నెలకొకరు మా షాపుకొస్తున్నారు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, ముఖంలో ఇంకా ఎండ తగలని ఉత్సాహం. "అన్నా, మీ షాపును డిజిటల్ చేస్తాం. ఒక్క యాప్ వేసుకోండి చాలు, షాపు దానంతట అదే నడుస్తుంది" అంటారు. నేను స్టూలు చూపిస్తాను, టీ తెప్పిస్తాను, చెప్పిందంతా వింటాను. పోట్లాడే ఓపిక నాకిప్పుడు లేదు. టీ గ్లాసు ఖాళీ అయ్యాక "ఆలోచించి చెప్తాలే తమ్ముడూ" అని పంపించేస్తాను.

నిజానికి ఆలోచించేదేమీ లేదు. మా షాపు ఒకసారి దానంతట అదే నడిచింది. అలా నడుస్తూ పోయి ముప్ఫై ఏళ్ళ మా నాన్న పరువును ఒక్క పూటలో గూడూరు బజార్లో ఆరేసింది, ముహూర్తం ముంచుకొచ్చిన ఒక పెళ్ళికూతురికి జాకెట్టు లేకుండా చేసింది. ఆ కథ చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి నాలుగేళ్ళు పట్టింది కాబట్టి నా కోసం ఆగకండి.

మాది గూడూరులో జాకెట్లు కుట్టే షాపు. పది అడుగుల వెడల్పు, మూడు మిషన్లు, ఒక ఫ్యాను. మా నాన్న పేరు మస్తాన్. మా ఇంట్లో నాన్నను 'అబ్బా' అని పిలుస్తాం. ఒంటికి నొప్పి పుట్టినప్పుడు మీరంతా అనే మాటే అది. ఈ కథలో నేను 'అబ్బా' అన్న ప్రతిచోటా రెండర్థాలూ తీసుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

లోకంలో దర్జీ మాటకు విలువ లేదని మీకు తెలుసు. దయ్యం రాకుండా గుమ్మం మీద 'రేపు రా' అని రాసుకునే అలవాటు ఏ దర్జీ నేర్పించాడోనని నా అనుమానం. మా అబ్బా ఆ జాతిలో పుట్టినవాడు కాదు. ఆయన శనివారం అంటే శనివారమే. డైరీ లేదు, చీటీ లేదు. ఎవరిది ఏ రోజుకివ్వాలో మొత్తం బుర్రలోనే ఉంటుంది. చిల్లకూరు, కోట, వాకాడు దాకా ఆడవాళ్ళు బస్సెక్కి మా దగ్గరికే రావడానికి కారణం ఆయన కుట్టు కంటే ముందు ఆయన మాట.

కొలతల సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర టేపు పట్టి కొలిచేది తక్కువ. ఒంటికి సరిగ్గా సరిపోయే పాత జాకెట్టొకటి కొత్త గుడ్డముక్కతో కలిపి మూటగట్టి ఇచ్చేస్తారు. దాన్ని చూసి కొత్తది కుట్టాలి. ఆ పాత జాకెట్టునే 'ఆది' అంటారు. "ఆది తెచ్చినావా అమ్మా?" అనేది మా షాపులో సలాం తర్వాత రెండో మాట.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. నెల్లూరులో కంప్యూటర్ డిగ్రీ చేశాను. ఉద్యోగం రాలేదు గానీ ఉద్యోగం వచ్చినవాడికుండే గర్వం మాత్రం ముందే వచ్చేసింది. ఇంటికొచ్చి షాపులో కూర్చున్నాను. మూటలు చూశాను, ముక్కు చిట్లించాను. ఫోన్‌లో టైలర్ షాపుల కోసం తయారైన యాప్ ఒకటి వెతికి పట్టుకున్నాను. తెలుగులో కూడా పనిచేస్తుంది, తెలివైనది కూడానట. మనం రాసింది చదివి, అర్థం చేసుకుని, కస్టమర్‌కు మెసేజ్ తనే పంపిస్తుందట.

శ్రావణమాసం, పెళ్ళిళ్ళ రోజులు, షాపులో అరవై రెండు మూటలున్నాయి. ఒక గురువారం పొద్దున్నే ఫోను పట్టుకుని మా అబ్బా పక్కన స్టూలేసుకున్నాను.

"అబ్బా, ఇంక నీ బుర్రకు రెస్టు. అన్నీ ఇందులో ఎక్కిస్తా ఉండా. మొదటి మూటకు కొలతలు చెప్పు."

"కొలతలేందిరా?"

"ఛాతీ ఎంత, చేతి పొడుగెంత, మెడ లోతెంత. ఈడ నంబర్లు వేయాల."

"నంబర్లు నాకేం తెలుసు? ఆది ఉండాది గదా."

"ఆది ఉంటే నాకు తెలస్తాది, ఫోనుకెట్ట తెలస్తాది? ఇక్కడ ఏదో ఒకటి రాయకపోతే ముందుకు పోనీదు."

మా అబ్బా మిషన్ ఆపకుండానే, "పోనీయకపోతే ఆది అని రాయి" అన్నాడు.

రాశాను. అరవై రెండు పేర్లు, అరవై రెండు ఫోను నంబర్లు, కొలతల దగ్గర అరవై రెండు సార్లు 'ఆది'. ఇవ్వాల్సిన రోజు అనే గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. అవన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి కదా, తీరిగ్గా అడిగి నింపుదామనుకున్నాను. ఆ తెలివైన యాప్ ఏం చేసిందంటే, సోమ, మంగళ, బుధ అని ఏ వారం పేరు ఎక్కడ కనబడినా దాన్ని తీసుకెళ్ళి ఆ ఖాళీ గడిలో తనే పెట్టుకుంది. సోమ అంటే సోమవారం. శని అంటే శనివారం. మరి ఆది అంటే?

మీకు అర్థమైపోయింది. డిగ్రీ చదివిన నాకు మూడు రోజులు పట్టింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు. యాప్ వేస్తే ఏం పోతుందో వాళ్ళకు తెలియదు గానీ, తెలిసుంటే అదీ అనేవాళ్ళే.

అరవై రెండు మందికి అప్పటికప్పుడు మెసేజ్ వెళ్ళిపోయింది: 'మస్తాన్ టైలర్స్‌కు స్వాగతం. మీ ఆర్డర్ నమోదైంది. డెలివరీ: ఆదివారం.'

నేను ఆ మెసేజ్ చదివానా? లేదు. 'పంపబడింది' అని పచ్చగా టిక్కులు పడుతుంటే వాటిని లెక్కపెట్టుకుంటూ మురిసిపోయాను. అంతటితో ఆగానా? మూటలు విప్పి, ఒక్కొక్క ఆది జాకెట్టుకు నంబరు రాసిన స్టిక్కరొకటి అంటించాను. కొత్త జాకెట్లు ఇంకా పుట్టలేదు కదా, పుట్టినవాటికే పేర్లు పెట్టాను.

శుక్రవారం మా షాపుకు సెలవు. ఆ రోజు మధ్యాహ్నం ఒక ఫోనొచ్చింది.

"మస్తాన్ భాయ్ షాపేనా? మెసేజ్ వచ్చింది నాయనా, డెలివరీ ఆదివారం అని. భాయ్ మాకు శనివారం అని చెప్పినాడే?"

"మెసేజ్‌లో ఏముంటే అదేనమ్మా. ఇప్పుడు నోటిమాటలు లేవు, అంతా సిస్టమే."

"అట్టనా! డెలివరీ అంటే పొద్దున్నేనా?"

"పొద్దున్నే అమ్మా."

"సంతోషం నాయనా. మంచి ఏర్పాటు చేసినారు."

ఎవరు మాట్లాడుతున్నారని కూడా నేనడగలేదు. సిస్టం ఉన్నాక మనుషుల పేర్లతో పనేముంది? ఫోను పెట్టేసి అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకున్నట్టు కూడా గుర్తు.

శనివారం సాయంత్రం మా అబ్బా ఒక పట్టు జాకెట్టుకు చివరి హుక్కు కుట్టి, ఇస్త్రీ చేసి, పసుపు రంగు సంచిలో పెట్టి గోడకు తగిలించాడు. మామిడిపండు రంగు, చేతులకు మగ్గం పని. వీధిలోకి రెండు సార్లు తొంగి చూశాడు.

"కామాక్షమ్మ రాలేదేందిరా? కూతురి పెళ్ళి జాకెట్టు గదా, శనివారం అని చెప్పినానే. ఫోను చేసి కనుక్కోరాదా?"

"వాళ్ళకు మెసేజ్ పోయుంటాది అబ్బా. సిస్టం చూసుకుంటాది."

మా అబ్బా నా వైపు ఒక్క క్షణం చూశాడు. "నువ్వు చదువుకున్నోడివి, నువ్వు చెప్పినావంటే సరే" అని షట్టర్ దించాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఆదివారం ఏడున్నరకు షట్టర్ ఎత్తేసరికి బయట పదిహేను మంది ఆడవాళ్ళున్నారు. ఎనిమిది కొట్టేలోపు ముప్ఫై అయ్యారు. మొదటి బస్సులో దిగినవాళ్ళు కొందరు, ఆటో మాట్లాడుకుని వచ్చినవాళ్ళు కొందరు. అందరికంటే ముందు చిల్లకూరు రమణమ్మ గారు. ఆవిడ మెల్లగా మాట్లాడితే రైల్వే స్టేషన్ దాకా వినిపిస్తుంది. ఆ రోజు మెల్లగా మాట్లాడలేదు.

"ఏంది మస్తానన్నా, జాకెట్టు ఇయ్యి, పోవాల."

"నీకు వచ్చే గురువారం అన్నాను గదమ్మా. ఇంకా గుడ్డ కూడా కోయలేదే!"

"కోయకుండానే ఆదివారం రమ్మని పిలుస్తావా? ఇదిగో చూడు మెసేజు!"

"నేను పిలిచినానా?"

"నాకూ వచ్చింది!" "నాకూ!" "నేను నాటు పని మానుకుని వచ్చినా!" "మా ఆయన్ని తిట్టి బండి మీద వచ్చినా, ఇప్పుడు ఆయనకేం చెప్పేది?" ముప్ఫై ఫోన్లు ఒక్కసారిగా మా అబ్బా ముఖం ముందుకొచ్చాయి. ముప్ఫై ఏళ్ళలో ఆయన్ని మాట తప్పావని అడిగిన మనిషి లేదు. ఆ రోజు వరసపెట్టి ముప్ఫై మంది అడుగుతుంటే ఆయన మెడలో టేపు రెండు చేతులతో పట్టుకుని అలా నిలబడిపోయాడు.

"ఒక్క నిమిషం అమ్మా, సర్వర్ ప్రాబ్లం" అన్నాను నేను. ఆ మాటకు అర్థం నాక్కూడా తెలియదు.

"సర్వరెవుడబ్బయా? వాడ్ని పిలువు, నేను మాట్లాడతా" అంది రమణమ్మ గారు.

మా అబ్బా నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో గీత గీసినట్టు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "కొలత, ఆది. డెలివరీ, ఆదివారం." కిందకు జరిపాడు. "కొలత, ఆది. డెలివరీ, ఆదివారం." మూడోది చదవలేదు. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి అరనిమిషంలో పట్టేశాడు.

"ఓరి నాయనా, జాకెట్టును తీసకపోయి వారం చేసినావు గదరా!"

సరిగ్గా అప్పుడే ఆయన చేతిలో ఫోను మోగింది, నేను అందుకున్నాను. శుక్రవారం గొంతు.

"ఏం నాయనా, నేను కామాక్షమ్మను. బయల్దేరినారా? తొమ్మిదిన్నరకు ముహూర్తం. పిల్ల స్నానం చేసి కూర్చోనుంది."

"బయల్దేరడం... ఎవరమ్మా?"

"మీరే నాయనా! డెలివరీ అని రాసినారు గదా. డెలివరీ అంటే ఇంటికి తెచ్చి ఇచ్చేదే గదా! అందుకే మేం ఎవర్నీ పంపించలేదు."

మా అబ్బా ఫోను పక్కకు చెవి పెట్టి అంతా విన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. మాకు ఆ ముప్ఫై మందీ గోరుచుట్టే, రోకలి ఇప్పుడొచ్చింది. ముప్ఫై మంది ఇంకో వారం ఆగితే వాళ్ళ కొంప మునగదు. కామాక్షమ్మ గారి కూతురికి గంటన్నర దాటితే ఆగడానికి వీల్లేదు. వాళ్ళ పల్లె వాకాడు దాటాక సముద్రం పక్కన. గంటకు పైగా దారి.

"బండి తియ్యి" అన్నాడు అబ్బా. "గోడకుండే..."

"నాకు తెలుసులే అబ్బా, నంబరుంది!" అని ఫోన్‌లో పేరు కొట్టాను. నలభై ఒకటి. అలమారలో నలభై ఒకటి స్టిక్కరు బయటికి కనబడుతున్న మూట చూసి లాగాను, చొక్కాలో దోపుకున్నాను, ఆడవాళ్ళ మధ్యలోంచి దూరి బండెక్కాను. వెనక నుంచి ఆయనేదో కేకేశాడు. రమణమ్మ గారి గొంతు కింద ఆ కేక వినబడలేదు.

ఆ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. కోట దగ్గర రొయ్యల మేత లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరగలేక తిరుగుతోంది. వాకాడు దాటాక గేదెల మంద. సరుగుడు తోపుల గాలికి కళ్ళల్లో ఇసుక. తొమ్మిది పదికి పందిట్లో బండి ఆపాను. మేళగాళ్ళు ఊదడం ఆపి నన్నే చూశారు. "వచ్చినాడు, వచ్చినాడు!" అని కేకలు. పెళ్ళికొడుకు వచ్చినప్పుడు కూడా అంత ఆర్భాటం జరిగి ఉండదు. ఎవరో నా చేతికి మజ్జిగ గ్లాసిచ్చారు. రెండు గుటకలు తాగానో లేదో లోపల గదిలోంచి కామాక్షమ్మ గారి కేక.

మూట విప్పారు. అందులోంచి వెలిసిపోయిన చిలకపచ్చ జాకెట్టొకటి బయటికొచ్చింది. ఒక హుక్కు ఊడిపోయి దాని బదులు పిన్నీసు. వీపు మీద నలభై ఒకటి.

స్టిక్కరు ఆదికి అంటించాను కదా. యాప్ ఆదినే చూపించింది, నేను ఆదినే తెచ్చాను. మామిడిపండు పట్టు జాకెట్టు గూడూరులో గోడకు తగిలించి ఉంది.

"ఇది నేనిచ్చిన పాతదే గదా!" అంది కామాక్షమ్మ గారు. నేను తల వంచుకున్నాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒక్కగానొక్క పిల్ల నాయనా! భాయ్ మాటంటే శిలాశాసనమని కదా ఇచ్చినాం. ఇట్ట చేసినారేంది?" అని అడిగింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడిని. వెనక్కి పోయి రావడానికి టైం లేదు. అక్కచెల్లెళ్ళు, పిన్నమ్మలు తమ జాకెట్లు తెచ్చారు. ఒకటి బిగుతు, ఒకటి వదులు, ఒకటి చేయి దూరితే మెడ దూరడం లేదు. బయటినుంచి పంతులుగారు "అమ్మాయిని తీసుకురండమ్మా" అంటున్నాడు.

అప్పుడు మంచం మీద కూర్చున్న పెళ్ళికూతురి నాయనమ్మ గారు పచ్చ జాకెట్టును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికేమైందే? పిల్లకు పట్టినట్టు సరిపోతాదనే గదా ఆదికి ఇచ్చింది. వేయండి. మీద రెండు దండలు పడితే లోపలుండేది ఎవురికి కనబడతాది?"

పెళ్ళికూతురు శ్రీలత ఏడుస్తుందనుకున్నాను. ఆ అమ్మాయి తలుపు చాటు నుంచి నన్ను చూసింది. "అన్నా, దీన్ని ఫోన్‌లో ఏమని రాసినారు?" అని అడిగింది.

"ఆది అనమ్మా."

"ఈరోజు ఏం వారం?"

ఆ అమ్మాయే ముందు నవ్వింది. తర్వాత ముసలావిడ, తర్వాత పిన్నమ్మలు. చివరికి కామాక్షమ్మ గారు కూడా కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ ఇంట్లో నవ్వనిది నేనొక్కడినే. తొమ్మిదిన్నరకు శ్రీలత పిన్నీసు పెట్టిన పచ్చ జాకెట్టుతో పీటల మీద కూర్చుంది. వీడియో తీసేవాడు ప్రతి రెండు నిమిషాలకూ "అక్కా, కొంగు కొంచెం పైకి" అంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి షాపుకు తిరిగొచ్చాను. ఆడవాళ్ళు లేరు. ఒక్కొక్కరికీ మళ్ళీ వారం చెప్పి, దండం పెట్టి పంపించాడట మా అబ్బా. అన్నీ బుర్రలోంచే చెప్పాడు.

"ఇచ్చినావా?"

"ఇచ్చినా అబ్బా."

ఆయన గోడకున్న పసుపు సంచి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏమిచ్చినావురా?" అని అడిగాడు. చెప్పాను. తిట్టలేదు, కొట్టలేదు. సంచి తీసుకుని, చెప్పులేసుకుని, వాకాడు బస్సెక్కాడు. ఆయన లేకుండా ఆ షాపులో కూర్చున్న ఆ నాలుగు గంటలంత పొడవైన నాలుగు గంటలు నా జీవితంలో మళ్ళీ రాలేదు. సాయంత్రం తిరిగొచ్చి ఆయనన్నది ఒక్కటే మాట: "జాకెట్టు తీసుకున్నారు. నా మాట మాత్రం ఆడ పడిపోయిందిరా." నేను లోపలికి వెళ్ళి యాప్ తీసేశాను. అది పోతూ పోతూ 'మీ అభిప్రాయం తెలపండి' అని అడిగింది. తెలిపాను. ఇక్కడ రాయలేను.

ఆరు నెలలు కామాక్షమ్మ గారి వైపు నుంచి ఎవరూ రాలేదు. మా అబ్బా ఏమీ అనేవాడు కాదు గానీ వాకాడు బస్సు ఆగిన ప్రతిసారీ మిషన్ మీద కాలు ఆగేది. ఆ తర్వాత ఒకరోజు శ్రీలత వచ్చింది, పక్కన భర్త. బల్ల మీద నాలుగు కొత్త ముక్కలు పెట్టింది.

"ఆది తెచ్చినావా అమ్మా?" అన్నాడు మా అబ్బా. తల ఎత్తలేదు.

ఆ అమ్మాయి మూట విప్పింది. అందులో మామిడిపండు పట్టు జాకెట్టు, మగ్గం చేతులు, ఒక్కసారి కూడా విప్పని మడత.

"పచ్చది చిరిగిపోయింది భాయ్. ఇంక మీదట ఆది ఇదే. పెళ్ళికెటూ రాలేదు, మీ దగ్గరైనా ఉండనీయండి. ఎప్పుడిస్తారు?"

మా అబ్బా ఆ జాకెట్టును ఒళ్ళో పెట్టుకుని, ఒకసారి అరచేత్తో నిమిరి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "శనివారం" అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ "శనివారం అమ్మా" అన్నాడు. ఆ శనివారం జాకెట్లను నేనే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాను. బయల్దేరే ముందు సంచి విప్పి ఆయనకు నాలుగుసార్లు చూపించాను.

ఇప్పుడు షాపు నాది. కాబట్టి మూడు మిషన్ల సాక్షిగా, కత్తెర మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఆ రెండక్షరాలను నా ప్రాణం పోయినా ఫోన్‌లో కొట్టను. జాకెట్టు గురించి తప్ప పలకను. ఎవరెన్ని ట్యాబులు చూపించినా, ఎన్ని టీలు తాగి వెళ్ళినా, నా వారానికి ఆరే రోజులు. ఆ ఏడోరోజు మా షాపుతో పని పడినవాళ్ళు, దయచేసి శనివారం మర్నాడు రండి.